వైజాగ్ తిండి మీద ట్రావెల్ షో తీస్తే ఏం చూపించాలి?
నా ఓటు మాత్రం మాడుగుల హల్వాకేనండి. బొంగు చికెన్ ఎలాగూ అందరూ తీస్తారు, అరకు రోడ్డు పక్కన పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన చికెన్ కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు, చుక్క నూనె వెయ్యరు, బొంగులో తడితోనే ఉడికిపోద్ది, కెమెరాకి కూడా బాగుంటది. కానీ హల్వా సంగతి వేరు. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలు పులిశాక పంచదార, నెయ్యి వేసి కట్టెల పొయ్యి మీద గంటలు గంటలు కలుపుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే అడుగంటుద్ది. చూపించాల్సింది ఆ చెయ్యినే, పైన జీడిపప్పు చల్లే షాట్ కాదు. 2022లో జిల్లాలు విడదీశాక మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి, అరకు అల్లూరి జిల్లాలోకి పోయాయి గానీ మాకైతే అవి ఇంకా వైజాగ్ తిండే. ఇక సిటీలో అంటే పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో చేపల బేరాలు, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్. మూరీ అంటే మరమరాలే, బయట నుంచి వచ్చినోళ్ళు ముందు ఆ మాటకి నవ్వుతారు, తర్వాత రెండో పొట్లం అడుగుతారు.