ముస్తఫినాలా అవుతానంటున్న పాప: బడి మాన్పించాలా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఆరో ఏట నుంచి జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. జిల్లా పోటీల్లో మెడల్స్ వచ్చాయి. ఫోన్ చేతికి దొరికితే చాలు, రష్యా జిమ్నాస్ట్ అలియా ముస్తఫినా వీడియోలే చూస్తుంది. 'నేనూ అలాగే అవుతా' అంటుంది. వచ్చే ఏడాది బడి మాన్పిస్తే రోజుకు ఆరు గంటలు ప్రాక్టీస్ చేయిస్తానని, టెన్త్ ఎలాగూ ఓపెన్ స్కూల్లో రాయించొచ్చని కోచ్ అంటున్నారు. మావారు ససేమిరా అంటున్నారు. పాప ఆశ మీద నీళ్లు చల్లుతున్నామేమోనని నాకు టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, బడి మాన్పించకండి. జిమ్నాస్టిక్స్ కూడా మాన్పించకండి. రెండూ కలిపి నడిపించడానికి మీ చేతిలో ఇంకా మూడు నాలుగేళ్లు ఉన్నాయి. ఎందుకో చెప్పడానికి వేరే ఉదాహరణలు అక్కర్లేదు, మీ పాప ఎంచుకున్న ముస్తఫినానే చాలు. పాప టేస్టు మంచిదే. కాకపోతే వీడియోలో కనిపించేది నిమిషం, నిమిషంన్నర విన్యాసం. ఒక కెరీర్‌గా చూస్తే ఆ నిమిషానికి ముందూ వెనకా ఏం జరిగిందో మనం చూడాలి.

అలియా 1994 సెప్టెంబరు 30న మాస్కో ప్రాంతంలోని యెగోర్యెవ్‌స్క్‌లో పుట్టింది. తండ్రి ఫర్హత్ ముస్తఫిన్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో గ్రీకో రోమన్ కుస్తీలో కాంస్యం తెచ్చుకున్న మనిషి. తల్లి ఫిజిక్స్ టీచర్. అంటే ఆటలో దెబ్బ తగిలితే ఏం చేయాలో, ఎప్పుడు ఆగాలో తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివాళ్లు లేకపోతే తప్పేం కాదు, ఆ పని చేసే మనిషిని బయట వెతుక్కోవాలి, అంతే.

పదహారేళ్లు నిండిన కొద్ది రోజులకే, 2010 అక్టోబరులో రోటర్‌డామ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆమె ఆల్‌రౌండ్ స్వర్ణం, అంటే నాలుగు ఈవెంట్ల స్కోర్లూ కలిపి ఇచ్చేది, గెలిచింది. జట్టుకూ స్వర్ణమే. సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ పోటీల్లో రష్యా అమ్మాయిల జట్టుకు అదే మొదటిది. వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా దూకడం), బార్స్ (ఎత్తు తేడా ఉన్న రెండు కమ్మీలు), ఫ్లోర్‌లో (నేల మీద విన్యాసాలు) మూడు రజతాలు కూడా. ఇక్కడ ఒక రూలు గుర్తుపెట్టుకోండి. ఆ క్యాలెండర్ ఏడాదిలో పదహారేళ్లు నిండే అమ్మాయిలనే అంతర్జాతీయ సీనియర్ పోటీలకు రానిస్తారు. మీ పాపకు తొమ్మిది. అంటే అన్నీ కలిసొచ్చినా ఆమె సీనియర్‌గా అడుగుపెట్టడానికి ఇంకా ఏడేళ్లు ఉంది. ఏడేళ్లున్న పనికి నాలుగో తరగతిలోనే బడి మాన్పించేంత తొందర దేనికి?

రోటర్‌డామ్ అయిన ఆరు నెలలకు, 2011 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్స్ జరిగాయి. ఆల్‌రౌండ్ ఫైనల్లో ముస్తఫినా వాల్ట్ మీద అమనార్ చేసింది. గాల్లో రెండున్నర మెలికలు తిరిగి కింద దిగే విన్యాసం అది. ఆ మెలిక పూర్తిగా తిరగకముందే కాలు మ్యాట్‌ని తాకితే, పాదం అక్కడే ఆగిపోతుంది, పైనున్న ఒళ్లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ బరువంతా మోకాలు మోయాలి. ఆమె ఎడమ మోకాలిని లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిపోయింది. జర్మనీలో ఆపరేషన్ చేశారు. ఆ ఏడాది ప్రపంచ పోటీలు పోయాయి. లండన్ ఒలింపిక్స్‌కు ఏడాది పైచిలుకే మిగిలింది.

మీ పాపకు ముస్తఫినా వీడియోలు చూపిస్తున్నారు కదా, ఆ తర్వాత ఏం జరిగిందో నిదానంగా చూపించండి. నాకైతే ఆమె కెరీర్‌లో అన్నిటికన్నా విలువైన ఘట్టం అదే. డిసెంబరుకల్లా మళ్లీ పోటీకి దిగింది, కానీ పాత ముస్తఫినాలా దిగలేదు. లండన్‌లో అమనార్ జోలికే పోలేదు. రెండు మెలికల వాల్ట్‌తో సరిపెట్టుకుంది. ఆ తేడా వల్ల పోయే పాయింట్లను అన్‌ఈవెన్ బార్స్ మీద రాబట్టుకుంది. బార్స్‌లో పనంతా చేతుల మీద, భుజాల మీద నడుస్తుంది. దూకి నేల మీద వాలేది చివర్లో ఒక్కసారే. ఆపరేషన్ అయిన మోకాలికి నాలుగు ఈవెంట్లలో తక్కువ పరీక్ష పెట్టేది అదే. అక్కడే ఆమెకు 16.133 స్కోరుతో ఒలింపిక్ స్వర్ణం వచ్చింది. దాంతోపాటు జట్టు రజతం, ఆల్‌రౌండ్ కాంస్యం, ఫ్లోర్ కాంస్యం. లండన్‌లో జిమ్నాస్టిక్స్‌లో అంతకన్నా ఎక్కువ పతకాలు ఎవరికీ రాలేదు.

ఆ ఆల్‌రౌండ్ కాంస్యం సంగతి కూడా పాపకు చెప్పండి, బాగుంటుంది. ఆ ఫైనల్లో ముస్తఫినా బీమ్ (సన్నటి దూలం) మీద నుంచి పడిపోయింది. ఆ ఒక్క ఈవెంట్లో 13.633 వచ్చింది. అయినా నాలుగూ కలిపితే అమెరికా అమ్మాయి అలీ రైస్మన్‌తో సమానంగా 59.566 అయ్యాయి. టై అయితే ఇద్దరి తక్కువ స్కోరునూ తీసేసి మిగతా మూడూ కూడతారని రూలు. ముస్తఫినాకు 45.933, రైస్మన్‌కు 45.366. పడిపోయిన ఈవెంటే లెక్కలోంచి పోవడంతో పతకం ఈమెకు దక్కింది. బీమ్ మీద నుంచి పడితే ఏడ్చే వయసే కదా మీ పాపది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే తీసివేతలు కూడా ప్రాక్టీస్ అవుతాయి!

2013లో ఆంట్వెర్ప్‌లో బీమ్ మీదే ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఏడాది కజాన్‌లో యూనివర్సియేడ్‌లోనూ ఆడి ఆల్‌రౌండ్ గెలిచింది. యూనివర్సియేడ్ అంటే యూనివర్సిటీ విద్యార్థుల క్రీడలు. ఒలింపిక్ స్వర్ణం మెడలో పడ్డ మరుసటి ఏడాది ఆమె ఆడింది విద్యార్థుల పోటీలో! ఈ ఒక్క ముక్క మీ కోచ్‌గారికి చదివి వినిపించండి.

2016 రియోలో మళ్లీ బార్స్ స్వర్ణం, 15.900. మళ్లీ ఆల్‌రౌండ్ కాంస్యం, మళ్లీ జట్టు రజతం. మొత్తం ఏడు ఒలింపిక్ పతకాలు. 2017 జూన్‌లో కూతురు పుట్టింది. 2018లో తిరిగొచ్చి దోహా ప్రపంచ పోటీల్లో జట్టుతో రజతం అందుకుంది. 2021లో రిటైర్మెంట్ ప్రకటించి జూనియర్లకు కోచింగ్ వైపు వెళ్లింది. అప్పటికి ఆమెకు 26. మన పిల్లలు బీటెక్ అయ్యాక నాలుగైదేళ్లు ఉద్యోగం చేసి, ఇంకో కంపెనీకి మారదామా అని ఆలోచించే వయసు అది.

అయితే గెలిచినవాళ్లనే చూసి నిర్ణయం తీసుకుంటే మోసపోతాం. విక్టోరియా కొమోవా అని ఇంకో అమ్మాయి ఉంది, 1995 జనవరిలో పుట్టింది. ముస్తఫినాకు నాలుగు నెలలు చిన్న, అదే జట్టు. వాళ్లమ్మా జిమ్నాస్టే. 2010 సింగపూర్ యూత్ ఒలింపిక్స్ చాంపియన్. లండన్ ఆల్‌రౌండ్‌లో 0.259 తేడాతో స్వర్ణం చేజారి రజతంతో ఏడుస్తూ నిలబడింది. ఆ తర్వాత గాయాలు, అనారోగ్యం. 2015లో గ్లాస్గో ప్రపంచ పోటీల్లో తిరిగొచ్చి బార్స్ స్వర్ణాన్ని మరో ముగ్గురితో పంచుకుంది. వెన్ను నొప్పితో రియో పోయింది. టాలెంట్‌లో ఆమె ముస్తఫినా కన్నా తక్కువని ఎవరూ అనలేరు. వెన్ను సహకరించలేదు, అంతే.

ఒళ్లు సహకరించినా కాలం సహకరించాలి. రష్యాకే చెందిన ఏంజెలీనా మెల్నికోవా 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం గెలిచి, అదే ఏడాది ప్రపంచ ఆల్‌రౌండ్ చాంపియన్ అయింది. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం వల్ల రష్యా జిమ్నాస్టులను అంతర్జాతీయ పోటీల నుంచి తప్పించారు. ఆమెకు పారిస్ ఒలింపిక్స్ లేకుండా పోయింది. 2025లో జకార్తాలో తటస్థ క్రీడాకారిణిగా, అంటే దేశం పేరు లేకుండా వచ్చి మళ్లీ ప్రపంచ చాంపియన్ అయింది. మధ్యలో పోయిన నాలుగేళ్లు ఆమె 21 నుంచి 25 ఏళ్ల మధ్యవి. జిమ్నాస్ట్‌కు అవి ఎలాంటి ఏళ్లో పైన చెప్పిన వయసులు చూస్తే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. రష్యాలో చిన్నప్పుడే పిల్లల్ని ప్రభుత్వ క్రీడా పాఠశాలలు తీసుకుంటాయి. మెట్టు మెట్టుగా ర్యాంకులు ఇస్తాయి. జాతీయ జట్టులోకి వచ్చినవాళ్లకు మాస్కోకు ఉత్తరాన క్రుగ్లోయే సరస్సు దగ్గర శిక్షణ కేంద్రం ఉంది. తిండి, బస, డాక్టరు, హాలు అన్నీ అక్కడే. లండన్, రియోలలో ఒలింపిక్ స్వర్ణానికి ఆ ప్రభుత్వం 40 లక్షల రూబుళ్లు ఇచ్చింది. వైద్యం కూడా ఆ వ్యవస్థలోదే కాబట్టి, ముస్తఫినా మోకాలు తెగినప్పుడు ఆపరేషన్ ఖర్చు గురించి వాళ్ల నాన్న అప్పు వెతుక్కోవాల్సిన పని లేదు. మీ పాపకు అదే జరిగితే బిల్లు ఎవరు కడతారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ఆరు గంటల ప్రాక్టీస్‌కు ఒప్పుకోవద్దు.

మన దేశం సంగతికి వస్తే, జిమ్నాస్టిక్స్‌లో ఒలింపిక్స్ దాకా వెళ్లిన మన అమ్మాయిలు ఇద్దరే, రియోకు దీపా కర్మాకర్, టోక్యోకు ప్రణతి నాయక్. దీపా చేసిన ప్రొడునోవా వాల్ట్‌కు ఆ పేరు రష్యా జిమ్నాస్ట్ యెలెనా ప్రొడునోవా నుంచి వచ్చిందే. రియోలో దీపాకు 15.066 వచ్చింది, కాంస్యానికి 0.150 తక్కువై నాలుగో స్థానంలో ఆగింది. తిరిగి అగర్తల చేరగానే ఎం.ఏ. పరీక్షలు రాసింది. మరుసటి ఏడాది ఆమెకూ ఏసీఎల్ ఆపరేషన్ అయింది. మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డి కరాటే నుంచి జిమ్నాస్టిక్స్‌కు మారి, 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది. ఆ పోటీల్లో భారత్‌కు అదే తొలి వ్యక్తిగత పతకం. దారి లేదని నేను అనడం లేదు, ఇరుకని అంటున్నా.

మీరు చేయాల్సింది ఇది. ఈ ఏడాదికి పాప బడిలోనే ఉండాలి. సాయంత్రాలు, సెలవు రోజులు కలిపి ప్రాక్టీస్ పెంచండి, బడి టైమింగ్స్ విషయంలో హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి. జిల్లా మెడల్ చూపిస్తే చాలామంది ఒప్పుకుంటారు. ఇంకో లాభం, స్కూల్ గేమ్స్‌లో ఆడాలంటే బడిలో విద్యార్థిగా ఉండాలి. రేపు స్పోర్ట్స్ కోటా సీటుకైనా రైల్వే ఉద్యోగానికైనా లెక్కలోకి వచ్చేది గుర్తింపు ఉన్న పోటీల సర్టిఫికెట్లే. ఏదో ప్రైవేటు అకాడమీ ఇచ్చే కప్పులు ఇంట్లో షోకేసుకు పనికొస్తాయి.

కోచ్‌గారిని కొన్ని విషయాలు మొహమాటం లేకుండా అడగండి. హాల్లో ఫోమ్ పిట్ (మెత్తటి ఫోమ్ ముక్కలు నింపిన గుంత) ఉందా, లేక కొత్త విన్యాసాలు కూడా గట్టి మ్యాట్ మీదేనా? పాప ఎత్తు పెరిగే నెలల్లో ల్యాండింగ్‌లు తగ్గిస్తారా? మడమ, మోకాలు, నడుము నొప్పంటే ఏ ఫిజియో దగ్గరికి పంపుతారు? ఆయన దగ్గర ఐదేళ్ల కిందట చేరిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? చివరిదానికి ఆయన తడబడితే మీకు సగం జవాబు దొరికినట్టే. ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూళ్లలో చదువు, హాస్టల్, శిక్షణ ఒకే చోట ఉంటాయి. బడి మాన్పించడం కన్నా అది వంద రెట్లు నయం, ఎంపికల నోటిఫికేషన్ కోసం ఓ కన్నేసి ఉంచండి. మన దగ్గర జిమ్నాస్టిక్స్ అంటే ఇంకా యాన్యువల్ డే పిరమిడ్ అనుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇవన్నీ మీరే తిరిగి తెలుసుకోవాలి.

పాప పన్నెండు, పదమూడేళ్లప్పుడు మళ్లీ లెక్క చూసుకుందాం. అప్పటికి జాతీయ స్థాయి సబ్ జూనియర్, జూనియర్ పోటీల్లో ఎక్కడుందో, ఒంట్లో ఎక్కడైనా నొప్పి పాతుకుపోయిందో, తనకు ఇంకా ఇష్టం ఉందో తెలిసిపోతుంది. పెద్ద ఫలితాలు రాకపోయినా ఈ ఏళ్లు వృథా కావు. జిమ్నాస్టిక్స్ చేసిన ఒంటికి డైవింగ్, డాన్స్, అథ్లెటిక్స్ లాంటివి తొందరగా పట్టుబడతాయి. డిగ్రీ అయ్యాక పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా, బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ), ఫిజియోథెరపీ, జడ్జింగ్ అన్నీ ఉన్నాయి. కానీ వీటిలో చాలావాటికి ఇంటర్మీడియట్, డిగ్రీ కావాలి. మీవారి పట్టుదలకు కారణం బహుశా అదే.

ఆయన్ని ఒక ఆదివారం ప్రాక్టీస్ హాలుకు తీసుకెళ్లండి. తండ్రులు చాలామంది మెడల్ ఫొటోలే చూస్తారు, పిల్ల బార్ మీద వేలాడడం దగ్గర నుంచి చూసి ఉండరు. చూశాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. కోచ్‌గారు ఇచ్చిన జవాబులతో మళ్లీ రాయండి, తర్వాతి అడుగు అప్పుడు చెప్తాను. ఈలోగా పాప మడమల్లో నొప్పి అని ఎప్పుడైనా అందా? అని ఉంటే మాత్రం ఈ వారమే పిల్లల ఎముకల డాక్టరుకు చూపించండి.