వాసమా, దూలమా? అటకా, మిద్దా?

సందేహం: మేమిద్దరం సొంతంగా ఒక చిన్న ఇల్లు కట్టుకుంటున్నాం. ఏ రోజు పని ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. "కప్పుకి 2 అడుగులకొక దూలం వేశాం" అని రాస్తే, సాయానికి వచ్చిన వడ్రంగి చదివి "అవి దూలాలు కావండీ, వాసాలు" అన్నాడు. రెండూ కొయ్యలే కదా, తేడా లావులో ఉందా? వాసం, నివాసం ఒకే మాటా? కప్పు కింద పడుకోవడానికి వేసుకుంటున్న చిన్న అంతస్తును అటక అనాలా, మిద్దె అనాలా? "రాత్రి అటకెక్కాం" అంటే అందరూ నవ్వుతున్నారు.

సమాధానం: వడ్రంగి మాటే ఒప్పు. తేడా లావులో లేదు, ఆ కొయ్య చేసే పనిలో ఉంది. అడ్డంగా పడుకుని మిగతా కొయ్యల బరువు మోసేది దూలం. దానికి తల ఆన్చి, గోడ మీద కాలు మోపి, ఏటవాలుగా దిగేది వాసం. మీ కప్పులో కొప్పు (రెండు వాలులూ పైన కలిసే అంచు) కింద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉన్నది ఒక్కటే అయితే, దూలం అదొక్కటే. దాన్ని కింద నుంచి నిలబెట్టే స్తంభం ఉంటే అది నిట్టాడు. నిట్రాట అని కూడా అంటారు. దూలానికి ఇటూ అటూ చూరుదాకా దిగేవన్నీ వాసాలే. వాటి మీద అడ్డంగా కట్టే సన్నకర్రలకు పూరింట్లో పెండెలని పేరు. పెంకుల కోసం కొట్టే చెక్క పట్టీలను పనివాళ్ళు రీపర్లు అంటున్నారు. ఆ మాట తెలుగులో కుదురుకుంది, దాన్ని మార్చబోయి కొత్త మాట కట్టకండి.

ఈ తేడా మన నానుడిలోనే ఉంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు" అంటాం, దూలాలు లెక్కపెట్టేవాడు అని ఎవరూ అనరు. చిన్న ఇంటికి దూలం ఒకటో రెండో, వాటిని లెక్కపెట్టేదేముంది? వాసాలు వరసగా బోలెడుంటాయి. కడుపునిండా తిని, వెల్లకిలా పడుకుని, పైకి చూస్తే కనిపించేవీ అవే. అన్నం పెట్టిన ఇంట్లో పడుకుని ఆ ఇల్లు ఎంతదో, ఎంత గట్టిదో మనసులో కొలుచుకునేవాడి చూపు అది. ఆ కొలత మేలు కోసం కాదని వినేవాడికి తెలుసు కాబట్టే ఆ మాటలో అంత నింద. నాకు తెలుగు నానుడుల్లో చాలా ఇష్టమైనవాటిలో ఇదొకటి. ద్రోహం అనే మాట వాడకుండానే, ఒక మనిషి పడుకున్న తీరుతో ద్రోహాన్ని చూపించింది. కింద సీలింగు కొట్టి వాసాలను మూసేస్తే ఈ నానుడి సగం అర్థం కాకుండా పోతుంది. అందుకని చెబుతున్నాను, మీ నోటుపుస్తకంలో వాసాన్ని వాసంగానే ఉంచండి.

ఇక నివాసం సంగతి. నివాసం, ఆవాసం, ప్రవాసం, వనవాసం, ఇవన్నీ ఉండటం అనే అర్థమున్న సంస్కృత "వస్" ధాతువు నుంచి వచ్చినవి. కప్పు మీది వాసం ఆ కుటుంబానిది కాదు. దాన్ని సంస్కృత "వంశ" శబ్దంతో కలిపి చూడటమే సబబు. వంశమంటే మొదటి అర్థం వెదురు. ఇంటి కప్పుకు వాడే కర్ర అనే అర్థమూ ఆ మాటకు ఉంది. సున్న జారిపోయి ముందున్న అచ్చు దీర్ఘమైంది. హిందీలో వెదురును బాఁస్ అనడం కూడా ఈ దారిలో వచ్చిందే. వెదురు కణుపు మీద కణుపుగా పెరిగినట్టు తరం మీద తరంగా సాగేది కాబట్టి కులపరంపర వంశమైంది. వెదురుతో చేసినది కాబట్టి పిల్లనగ్రోవి వంశి అయింది. మీ వాసాలు సర్వీ కొయ్యవైనా, ఇనప గొట్టాలైనా పేరు మాత్రం వెదురుదే.

అటక దగ్గరికి వద్దాం. మిద్దె అంటే బల్లపరుపు కప్పు, లేదా ఆ కప్పున్న ఇల్లు. ఏటవాలు కప్పు కింది అరకొర అంతస్తుకు ఆ పేరు నప్పదు. మేడ అంటే పూర్తి పై అంతస్తు ఉండాలి. మంచె ఆరుబయట, చేలో ఉండేది. మీది అటకే. అటక సామాన్లకే గానీ మనుషులకు కాదన్న భావం వాడుక వల్ల వచ్చింది, మాటలో లేదు. స్పష్టంగా ఉండాలంటే "పడక అటక" అనండి.

ఆ అటక నేలను మోసే వరస కొయ్యలకు మంచి మాట ఉంది: దంతెలు. మట్టి మిద్దెల్లో దూలాల మీద అడ్డంగా పరిచేవి ఇవే. "సన్నగా ఉన్నాయి కాబట్టి వాసాలు" అనుకోకండి. 2 అంగుళాల మందం, 6 అంగుళాల వెడల్పు ఉన్న పలకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడితే, వంగకుండా నిలవడంలో 9 రెట్లు బిగువు వస్తుంది. సన్నగా కనిపించినా దంతె పని అది చక్కగా చేస్తుంది. ఇంకో మాట. కొప్పు కింద బరువు మోసే దూలం గానీ నిట్టాడు గానీ లేకపోతే, వాసాలు గోడలను బయటికి తన్నుతాయి. వాసాల కాళ్ళను ఈ గోడ నుంచి ఆ గోడకు కలిపి పట్టుకున్న దంతెలే ఆ తన్నును ఆపుతాయి. తల తగలకూడదని అలాంటి దంతెలను పైకి జరిపితే పట్టు తగ్గుతుంది. జరిపే ముందు ఇంజనీరును అడగండి.

చివరిది, "అటకెక్కాం" అంటే నవ్వడం. అటకెక్కేది పని, ఫైలు, పథకం, అంటే మూలపడిందని. మనిషి కర్త అయినప్పుడు మామూలు అర్థమే రావాలి, కానీ రెండు మాటలూ కలిసిపోయి ఒకే క్రియలా వినిపించడంతో నానుడి గుర్తొస్తుంది. కొంచెం విడదీస్తే చాలు. "అటక మీదికెక్కి పడుకున్నాం" అని రాయండి. పైన చెప్పిన మొదటి వాక్యాన్ని "కొప్పు దూలం నుంచి చూరుదాకా 2 అడుగులకొక వాసం వేశాం" అని దిద్దుకోండి.