మీరడిగారు: సొంతంగా కట్టుకునే సీఎన్‌సీ రూటర్

సొంతంగా సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ ఆదేశాలతో చెక్కను కోసే, చెక్కే మిషన్) కట్టుకోవడం గురించి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

తలుపు ప్యానెళ్ల మీద డిజైన్లు చెక్కించడానికి ప్రతిసారీ బయటి షాపుకు పరుగెత్తాల్సి వస్తోంది. టేకు, వేప మీద పనిచేసేలా రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు మిషన్ నేనే చేసుకుందామనుకుంటున్నా. ఫ్రేమ్ ప్లైవుడ్‌తో చేయొచ్చా? కదిలే భాగాలు జారడానికి గుండ్రటి రాడ్లు సరిపోతాయా?
— ఒక వడ్రంగి, జమ్మికుంట

రెండూ వద్దండీ. ప్లైవుడ్ ఫ్రేమ్ థర్మకోల్‌కూ పల్చటి ఎండీఎఫ్‌కూ సరిపోతుంది. టేకు మీద బిట్ దిగినప్పుడు వచ్చే ఒత్తిడికి అది ఊగుతుంది. పైగా వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బితే, ఎండాకాలంలో మీరు పట్టిన మూలమట్టం తప్పిపోతుంది.

రాడ్ల సంగతి లెక్క చూస్తేనే తెలుస్తుంది. 16 మి.మీ. స్టీలు రాడ్ 800 మి.మీ. పొడవున రెండు చివర్ల మాత్రమే ఆని ఉందనుకోండి. మధ్యలో 5 కేజీల బరువు పడితే దాదాపు 0.8 మి.మీ. వంగుతుంది. రెండు రాడ్లు బరువు పంచుకున్నా 0.4 మి.మీ. మిగులుతుంది. 1.5 కిలోవాట్ స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు), అది బిగించిన ప్లేటు కలిస్తేనే 5 కేజీలు దాటుతాయి, కోత ఒత్తిడి దానికి అదనం. పొడవు సగానికి తగ్గిస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చిన్న మిషన్లలో బాగా పనిచేసిన రాడ్ల డిజైనే పెద్దది చేయగానే చెడిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి పొడవునా ఆధారం మీద కూర్చునే చదరపు రైళ్లు వాడండి. హెచ్‌జీఆర్20 సైజు రైలు అయితే టేకుకు నిశ్చింత, హెచ్‌జీఆర్15 అయినా నడుస్తుంది. 600 మి.మీ. పని వెడల్పు కావాలంటే రైలు కనీసం 800 ఉండాలి, రైలు మీద జారే బ్లాకులు మోసే ప్లేటే 150 నుంచి 200 తినేస్తుంది. గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోస్తూ ముందుకూ వెనక్కూ కదిలే అడ్డ దూలం) మీద రెండు రైళ్ల మధ్య ఎడం ఎంత ఎక్కువుంటే స్పిండిల్ ముక్కు అంత తక్కువ ఊగుతుంది. జెడ్ ఎత్తు (స్పిండిల్ పైకీ కిందికీ కదిలే దూరం) మాత్రం అవసరానికి మించి పెట్టకండి. తలుపు ప్యానెల్ మందానికి 100 మి.మీ. చాలు. 200 పెడితే స్పిండిల్ కిందికి వేలాడి, ఫ్రేమ్‌లో సంపాదించిన గట్టిదనమంతా అక్కడ పోతుంది.

అడుగు ఫ్రేమ్‌కు 3 మి.మీ. మందం ఉన్న 80×40 ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పైపు మంచిది. ఒక మూల పూర్తిగా వెల్డింగ్ చేసి రెండో మూలకు పోకూడదు. ముందు అన్ని మూలలకూ వెల్డింగ్ చుక్కలు పెట్టి, మూలకు మూల కొలిచి, ఆ తర్వాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ వేయాలి. ఎంత జాగ్రత్తగా వేసినా పైపు కొంత వంకర తిరుగుతుంది. అందుకని పైపు మీద 10 మి.మీ. ఎంఎస్ పట్టీ వెల్డ్ చేసి, మిల్లింగ్ షాపులో దాన్ని ఒకే బిగింపులో సాపు చేయించండి. ఈ ఖర్చు తగ్గిద్దామని పెయింట్ వేసిన పైపు మీదే రైలు బిగించేవాళ్లు చాలామంది ఉన్నారు. రైలు పైపు వంకరనే పట్టుకుంటుంది, బ్లాకు ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుసుకుని నడుస్తుంది. స్పిండిల్ ఈ ఏడాది చిన్నది పెట్టి వచ్చే ఏడాది మార్చుకోవచ్చు, ఫ్రేమ్ మార్చాలంటే మిషన్ మొత్తం విప్పాల్సిందే.

బిగించేటప్పుడు ఒక రైలును నిటారు పట్టీకి ఆనించి పూర్తిగా బిగించండి. రెండోదాని బోల్టులు వదులుగా ఉంచి, గ్యాంట్రీని ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో నడుపుతూ, అది ఉన్నచోట బోల్టు బిగించుకుంటూ రండి. సమాంతరం దానంతటదే కుదురుతుంది.

భాగాలు ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్‌లో ఒకే కిట్‌గా తీసుకుంటే మేలా? ఏది ముందు కొనాలి?
— పాఠకుడు, ఏలూరు

కిట్ వద్దు. అందులో ఎలక్ట్రానిక్స్ బాగుంటే రైళ్లు నాసిగా, రైళ్లు బాగుంటే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నాసిగా ఉండటం మామూలే. ముందు రైళ్లు, బాల్ స్క్రూలు (మోటారు తిప్పితే మిషన్ భాగాలను జరిపే మర కడ్డీలు) కొనండి. అవి చేతికొచ్చి వెర్నియర్‌తో కొలిచాకే ప్లేట్లకు రంధ్రాలు గీయించండి. డ్రాయింగ్ నమ్మి ముందే ప్లేట్లు కోయిస్తే, అర మిల్లీమీటరు తేడాకు మళ్లీ డ్రిల్లింగ్ పని పడుతుంది.

బేరింగులు, బోల్టులు, ట్యాపులు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, వైర్లు, కనెక్టర్లు, స్విచ్‌లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ప్లేట్లు కోయించడానికీ మిల్లింగ్‌కూ బాలానగర్, జీడిమెట్ల వైపు వెళ్లాలి. మీకు ఏలూరు నుంచి విజయవాడ ఆటోనగర్ దగ్గర, వెల్డింగ్, లేత్ పని అక్కడే చేయించుకోవచ్చు. స్టెప్పర్ మోటార్లు (అడుగు అడుగుగా తిరిగేవి), వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్లు, రైళ్లు రోబు, రోబోకిట్స్ లాంటి మన దేశపు సైట్లలో ఉంటాయి. ఆలీఎక్స్‌ప్రెస్‌ను మన దగ్గర 2020 నవంబరులో నిషేధించారు, విదేశీ వీడియోల కింద ఇచ్చే లింకులను నమ్ముకుని లిస్టు రాసుకోకండి.

బాల్ స్క్రూ దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. మీటరు లోపు పొడవుకు 1605 సరిపోతుంది, అంటే 16 మి.మీ. వ్యాసం, చుట్టుకు 5 మి.మీ. నడక. చివర్లు బీకే12, బీఎఫ్12 అనే బేరింగు సపోర్టులకు తగ్గట్టు ముందే లేత్ చేసి ఉన్నదే తీసుకోండి. స్క్రూ గట్టిపరిచిన ఉక్కు, ఊళ్లో లేత్‌పై టూలు ఆనదు. అలా చేసిన స్క్రూ చివర 10 మి.మీ. ఉంటుంది. నీమా 23 సైజు స్టెప్పర్ మోటారు షాఫ్టు కొన్నిట్లో 6.35, కొన్నిట్లో 8 మి.మీ. అది కొలవకుండా కప్లింగ్ (స్క్రూనూ షాఫ్టునూ కలిపే ముక్క) ఆర్డర్ చేయొద్దు.

కొనేచోట స్క్రూను గాజు పలక మీద దొర్లించి చూడండి, వంకరుంటే మధ్యలో వెలుతురు కనబడుతుంది. రైలు మీది బ్లాకును మాత్రం బయటికి లాగకండి, లోపలి గుండ్లు రాలిపోతాయి. తప్పదంటే దానితో వచ్చే ప్లాస్టిక్ ముక్క మీదికే జరపాలి. పాత మిషన్ల నుంచి తీసిన రైళ్లు కేజీల లెక్కన దొరికితే మంచి బేరమే, గాడిలో తుప్పు గుంటలు పడితే మాత్రం వదిలేయండి.

ఆర్డునో ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ (మిషన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, సీఎన్‌సీ షీల్డ్ (కనెక్షన్ల బోర్డు), డీఆర్‌వీ8825 డ్రైవర్లు పెట్టాను. జెడ్ హోమింగ్ (లిమిట్ స్విచ్ తగిలేదాకా వెళ్లి సున్నా స్థానం పట్టుకోవడం) జరగట్లేదు. మోటార్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. ఒక డ్రైవర్ కాలిపోయింది కూడా.
— డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జెడ్ సంగతి తేలిక. జీఆర్‌బీఎల్ 0.9 నుంచి స్పిండిల్ వేగం సిగ్నల్ కోసం 11వ పిన్ తీసుకుని, జెడ్ లిమిట్ స్విచ్‌ను 12వ పిన్‌కు మార్చారు. షీల్డ్ మీద అచ్చు మాత్రం పాతదే. జెడ్ లిమిట్ వైరును షీల్డ్‌పై స్పిండిల్ ఎనేబుల్ అని రాసి ఉన్న పిన్‌కు పెట్టండి, హోమింగ్ అవుతుంది.

వేడికి కారణం కరెంట్ సెట్టింగ్. మల్టీమీటర్ నల్ల ముల్లు గ్రౌండ్‌కూ ఎర్ర ముల్లు డ్రైవర్ మీది చిన్న స్క్రూకూ ఆనించండి. డీఆర్‌వీ8825లో అక్కడ కనబడే వోల్టేజీకి రెట్టింపు ఆంపియర్లు మోటారుకు వెళ్తాయి. 1.7 ఆంపియర్ల నీమా 17కు 0.6 వోల్టులు పెడితే 1.2 ఆంపియర్లు వస్తాయి, అది చాలు. ఏ4988 డ్రైవర్‌కు లెక్క వేరు: చిప్ పక్కనున్న రెసిస్టర్ మీద ఆర్100 అని ఉంటే 1 ఆంపియర్‌కు 0.8 వోల్టులు. స్టెప్పర్ కాస్త వేడెక్కడం సహజం, చెయ్యి కాసేపు ఆనించగలిగితే భయం లేదు.

డ్రైవర్ కాలడానికి రెండు కారణాల్లో ఒకటై ఉంటుంది. పవర్ ఉండగా మోటారు వైరు పీకడం ఒకటి. రెండోది డ్రైవర్‌ను తిప్పి గుచ్చడం. డీఆర్‌వీ8825, ఏ4988 బోర్డుల్లో తిప్పుడు స్క్రూ ఎదురెదురు వైపుల ఉంటుంది. అందుకని స్క్రూ ఉన్న వైపు చూసి గుచ్చకుండా, ఎనేబుల్ పిన్ పేరు షీల్డ్ మీది పేరుతో కలిసిందో లేదో చూసి గుచ్చాలి.

మీ తర్వాతి మిషన్ పెద్దదైతే ఈ షీల్డ్‌ను పక్కనపెట్టి నీమా 23 మోటార్లు, టీబీ6600 లేదా డీఎం542 డ్రైవర్లు, 36 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ తీసుకోండి. ఆర్డునో అదే ఉంచొచ్చు. జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో పల్స్ పొడవు $0 విలువను 10 చేయడం మరవకండి, టీబీ6600 లోపలి ఆప్టోకప్లర్లు (సిగ్నల్‌ను వెలుతురుతో దాటించే భాగాలు) నిదానం. 1605 స్క్రూ, ఒక్కో అడుగును ఎనిమిది ముక్కలు చేసే మైక్రోస్టెప్‌లో చుట్టుకు 1600 పల్సులు, 5తో భాగిస్తే $100 విలువ (మి.మీ.కు ఎన్ని పల్సులు) 320. ఊనో సెకనుకు 30 వేల పల్సుల దాకానే నమ్మకంగా ఇస్తుంది, కాబట్టి గరిష్ఠ వేగం చెప్పే $110ను 4000 దగ్గర ఆపండి.

100 మి.మీ. చతురస్రం కోస్తే 99.4 వస్తోంది. వృత్తం కోడిగుడ్డులా వస్తోంది. స్టెప్స్ విలువ (మి.మీ.కు పల్సులు) మార్చి సరిచేసుకోవచ్చా?
— చెక్క బొమ్మల తయారీదారు, చీరాల

ముందు ఆ విలువ ముట్టుకోకండి. 50, 100, 200 మి.మీ. చతురస్రాలు మూడు కోసి కొలవండి. మూడింట్లోనూ తేడా 0.6 దగ్గరే ఉంటే స్టెప్స్ తప్పు కాదు: బిట్ అసలు వ్యాసం సాఫ్ట్‌వేర్‌లో రాసినదానికి తేడా ఉండొచ్చు, లేదా నట్టులో లూజు ఉండొచ్చు. కొలతతోపాటు తేడా పెరుగుతూ 0.3, 0.6, 1.2 అని వస్తే అప్పుడు స్టెప్స్ తప్పు. బాల్ స్క్రూ అయితే అది కూడా లెక్కలోనే దొరకాలి, తోచిన అంకె పెట్టకూడదు.

వృత్తాన్నీ జాగ్రత్తగా చూడండి. నాలుగు వైపులా చిన్న చదును మచ్చలుంటే లూజు. ఎక్స్ వైపో వై వైపో సాగితే ఆ రెండు అక్షాల స్టెప్స్ కలవట్లేదు. ఐమూలగా సాగితే గ్యాంట్రీ మూలమట్టంలో లేదు. మూడోదానికి పరీక్ష: మిషన్‌తోనే 400×300 దీర్ఘచతురస్రం మూలల్లో నాలుగు రంధ్రాలు వేసి ఐమూలలు కొలవండి. రెండూ 500 రావాలి. ఒకదానికొకటి 1 మి.మీ. తేడా ఉందంటే 400 పొడవులో దాదాపు 0.8 మి.మీ. వంకర ఉన్నట్టు.

చేతి డ్రిల్ మిషన్‌నే స్పిండిల్‌గా బిగించొచ్చా?
— పాఠకురాలు, ఖమ్మం

వద్దమ్మా. డ్రిల్ బేరింగులు పై నుంచి కిందికి నొక్కే ఒత్తిడికి చేసినవి, పక్కకు తోసే కోతకు కాదు. చక్ వదులై బిట్‌తో సహా ఊడి ఎగిరే ప్రమాదం ఉంది, వేగం కూడా చాలదు. తక్కువ ఖర్చులో కావాలంటే వేగం మార్చుకునే ట్రిమ్మర్ (చిన్న చేతి రూటర్) కొనండి.

మా ఊళ్లో సింగిల్ ఫేజే ఉంది. 2.2 కిలోవాట్ స్పిండిల్ నడుస్తుందా?
— పాఠకుడు, మదనపల్లె

నడుస్తుంది. 220 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టాలి. కొన్నవెంటనే ఆన్ చేయకండి. చాలా వీఎఫ్‌డీలు మామూలు మోటారుకు తగ్గట్టు 50 హెర్ట్జ్ అమరికతో వస్తాయి. ఈ స్పిండిల్‌కు బేస్, గరిష్ఠ ఫ్రీక్వెన్సీ రెండూ 400 హెర్ట్జ్, అక్కడే నిమిషానికి 24,000 చుట్లు. 50 దగ్గరే పూర్తి వోల్టేజీ అందితే వైండింగ్ కాలిపోతుంది. వీఎఫ్‌డీకీ స్పిండిల్‌కూ మధ్య స్విచ్ పెట్టొద్దు, నీళ్లతో చల్లబడే స్పిండిల్ అయితే పంపు ఆన్ చేయకుండా తిప్పొద్దు.

స్పిండిల్ కేబుల్ షీల్డ్ ఉన్నది వాడి, ఆ షీల్డ్‌ను ఎర్తింగ్‌కు కలపండి. లిమిట్ స్విచ్ వైర్లను దానికి దూరంగా నడపండి. స్పిండిల్ తిరగ్గానే స్విచ్ తగలకపోయినా జీఆర్‌బీఎల్‌లో ఒకటో నంబరు అలారం (లిమిట్ స్విచ్ తగిలిందని చెప్పేది) వస్తోందంటే ఆ వైర్లు రేడియోలా విద్యుత్ అలజడిని పట్టేస్తున్నాయన్నమాట. ఎమర్జెన్సీ బటన్ స్పిండిల్, మోటార్ల పవర్ కోయాలి. కంప్యూటర్‌కు మాత్రమే ఆగమని చెప్పే బటన్‌ను నమ్ముకోకండి.

ఎండీఎఫ్ అంచులు నల్లబడుతున్నాయి. 3 మి.మీ. బిట్లు విరుగుతున్నాయి.
— ఇంటీరియర్ పనివారు, వరంగల్

నల్లబడుతోందంటే బిట్ కోయడం మాని రుద్దుతోంది. నెమ్మదిగా నడిపితే మంచిదనుకుంటాం గానీ, చుట్లు అలాగే ఉంచి నడక తగ్గిస్తే ఒక్కో పన్ను తీసే పొట్టు పల్చబడి వేడి మొత్తం బిట్‌లోనే ఉండిపోతుంది. నడక లెక్క ఇది: చుట్లు × పళ్లు × పన్నుకు తీసే మందం. 16,000 చుట్లు, రెండు పళ్లు, 0.05 మి.మీ. అయితే నిమిషానికి 1600 మి.మీ. లోతు ఒక్కో పాస్‌కు 1.5 నుంచి 3 మి.మీ. చాలు. నిటారుగా గుచ్చకుండా వాలుగా దించితే విరగడం తగ్గుతుంది. పొడవు బిట్ అయితే కోతకు కావలసినంతే కాలెట్ (బిట్‌ను పట్టే భాగం) బయట ఉంచండి.

ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకండి. దుమ్ము పీల్చే గొట్టంతోపాటు ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఆ ప్లాస్టిక్ గొట్టంలో స్థిర విద్యుత్తు పేరుకుని ఆర్డునో మధ్యలో ఆగిపోతుంటే, లోపల ఒక సన్నటి రాగి తీగ లాగి ఎర్తింగ్‌కు కలపండి.