సావేజ్ 99 కొనేముందు బ్యారెల్ మీద రాసింది చూడండి

అన్నా, టెక్సాస్‌లో జింకల వేటకి పాత సావేజ్ 99 (లివర్ లాగి తూటా ఎక్కించే వేట రైఫిల్) ఒకటి చూశానని, బ్యారెల్ మీద ".303 సావేజ్" అని ఉంది కాబట్టి .303 బ్రిటిష్ తూటాలు సరిపోతాయి కదా అని అడిగారు. సరిపోవు. అంకె ఒకటే తప్ప ఆ రెండింటికీ చుట్టరికం లేదు, ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెట్టనే కూడదు. అసలు .303 సావేజ్ తూటాలు ఇప్పుడు మామూలు షాపుల్లో కనపడటమే కష్టం, సొంతంగా రీలోడింగ్ (ఖాళీ తూటా గుల్లల్ని ఇంట్లో మళ్లీ నింపుకోవడం) చేసుకునే ఓపిక ఉంటే తప్ప దాన్ని వదిలేయండి.

అదే రైఫిల్ .300 సావేజ్ అనే వేరే తూటాకి చేసింది వెతకండి. 1920లో వచ్చిన తూటా అయినా 200 గజాల్లోపు జింకకి ధారాళంగా చాలు. పైగా దీనిది రోటరీ మ్యాగజైన్ (తూటాలు చక్రంలా చుట్టూ అమరే అర), .30-30 తూటా వాడే మామూలు లివర్ రైఫిళ్లలో లాగా తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉండవు, వెనక దాని మొన ముందు తూటా అడుగున గుచ్చుకుని పేలే భయం లేదు, అందుకే మొన ఉన్న బుల్లెట్లు వాడొచ్చు (నాకు ఈ రైఫిల్ మీద మోజుకి సగం కారణం అదే). కొనేటప్పుడు ఇనుము కర్రతో కలిసేచోట, టాంగ్ (కర్రలోకి వెళ్లే ఇనుప తోక) వెనక సన్నటి పగులు ఉందేమో చేత్తో పట్టుకుని చూడండి, ఫోటోలు నమ్మొద్దు. స్కోప్ కావాలంటే దాన్ని బిగించడానికి పైన ఫ్యాక్టరీలోనే వేసిన రంధ్రాలున్నదే తీసుకోండి.

హెచ్1బి మీద ఉంటే ముందు హంటింగ్ లైసెన్స్ తీసుకోండి, అది లేకుండా డీలర్ దగ్గరికి వెళ్లినా లాభం లేదు.