ఎంజీబీ ముందు హబ్‌లో స్పేసర్, షిమ్‌లు వదిలేసి బిగించొచ్చా?

మీ ఎంజీబీకి (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ముందు చక్రాల బేరింగులు మార్పించాక ఒక చిన్న గొట్టం, కొన్ని పల్చటి రింగులు మిగిలాయని, "ఇవి లేకపోయినా నడుస్తుంది, లారీలకి ఇవెక్కడున్నాయి" అంటూ మెకానిక్ వాటిని మీ చేతిలో పెట్టాడని, చక్రం మాత్రం ఇంకా కొద్దిగా ఆడుతూనే ఉందని అడిగారు. ఆ గొట్టం స్పేసర్, ఆ రింగులు షిమ్‌లు. రెండూ తిరిగి లోపలికి వెళ్లాల్సిందే. అవి పడేదాకా బీచ్ రోడ్డు మీద స్పీడుగా తిప్పకండి, సింహాచలం ఘాట్ వైపు అసలు వద్దు.

మా మావయ్య దగ్గర 1970 నాటి వైర్ వీల్ (తీగల ఊచల చక్రాలున్న) ఎంజీబీ ఉంది, దాని హబ్‌ల (బేరింగుల మీద తిరిగే, చక్రం బిగించే భాగం) పని ఎప్పటినుంచో నేనే చూసుకుంటున్నాను. ఆ కారు మా ఇంటికి వచ్చేటప్పటికే కుడి వైపు స్పేసర్ లేదు, అంతకుముందు ఎవరో తీసేశారు. విప్పి చూస్తే బయటి బేరింగ్ లోపలి రేసు (లోపలి రింగు) స్టబ్ యాక్సిల్ (హబ్ తిరిగే పొట్టి ఇరుసు) మీద జారుతూ తిరిగి, గోరు పెట్టి గీస్తే తగిలేంత మెట్టు పడింది. ఆ స్టబ్ యాక్సిల్ మార్చడానికి అయిన ఖర్చుతో పోలిస్తే బేరింగుల ఖర్చు ఏపాటిది?

లారీకి, జీపుకి మీ మెకానిక్ చేసే పద్ధతి తప్పేమీ కాదు. నట్ బిగించి, చక్రం తిప్పి, కాస్త వెనక్కి వదిలి లాక్ చేస్తారు, అంటే అక్కడ ప్లే (బేరింగులో ఆడే ఖాళీ) ఎంతుండాలో నట్టే తేలుస్తుంది. ఎంజీబీలో నట్ పని అది కాదు. దాన్ని 40 నుంచి 70 పౌండ్-అడుగుల దాకా, అంటే 54 నుంచి 95 న్యూటన్ మీటర్ల దాకా గట్టిగా బిగించాలి, ప్లేని షిమ్‌ల మందం తేలుస్తుంది. అలా బిగిసినప్పుడు రెండు లోపలి రేసులు, మధ్యలో స్పేసర్, షిమ్‌లు, స్టబ్ యాక్సిల్ అన్నీ కలిసి ఒకే దిట్టమైన కడ్డీలా నిలబడతాయి, మలుపులో పడే బరువంతా మోసేది అదే. స్పేసర్ తీసేస్తే ఆ సన్నటి యాక్సిల్ ఒక్కటే వంగుతూ మోయాలి. పోనీ స్పేసర్ లేకుండానే అంత గట్టిగా బిగిద్దామంటే బేరింగులు నలిగిపోతాయి, అందుకే మీ వాడు నట్ వదులుగా ఉంచి ఉంటాడు.

ముందు కప్పుల (హబ్‌లో కూర్చునే బేరింగ్ బయటి రింగులు) సంగతి చూడండి. కొత్త రోలర్లకి పాత కప్పులు వాడకూడదు, ఏ బేరింగ్‌తో వచ్చిన కప్పు దానికే. కప్పుని కాసేపు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, హబ్‌లో ఇత్తడి కడ్డీతో చుట్టూ మార్చి మార్చి కొడుతూ దింపండి. ఇంకా దిగాల్సి ఉన్నంతసేపు దెబ్బ మెత్తగా పడుతుంది, అడుగుకి ఆనగానే ఠంగుమని మోత మారిపోతుంది, కడ్డీ పట్టుకున్న చేతికి కూడా తెలుస్తుంది. చుట్టూ ఆ మోత వచ్చేదాకా ఆపకండి, ఎందుకంటే ఒక పక్క కొద్దిగా లేచి ఉన్నా మీరు తర్వాత కొలిచేదంతా అబద్ధమే.

ఆ తర్వాత గ్రీజు, ఆయిల్ సీల్ లేకుండా, రోలర్లకి చుక్క ఆయిల్ రాసి, స్పేసర్ పెట్టి, షిమ్‌లు లేకుండా ఒకసారి కట్టండి. స్పేసర్ ఒక చివర పెద్దగా ఉంటుంది, అది లోపలి బేరింగ్ వైపు ఉండాలి. హబ్‌ని చేత్తో తిప్పుతూ నట్‌ని మెల్లగా, హబ్ బిగుసుకుంటోందని తెలిసేదాకా మాత్రమే బిగించండి. కప్పులు పూర్తిగా కూర్చోడానికే ఇది. మళ్లీ విప్పి, ఈసారి కావాలనే షిమ్‌లు ఎక్కువ పెట్టి, నట్ 40 పౌండ్-అడుగులకి బిగించి, డయల్ గేజ్ (సన్నటి కదలికని సూదితో కొలిచే పరికరం) స్టాండు బ్రేక్ డిస్క్ మీద అంటించి, సూది యాక్సిల్ చివర ఆనించి హబ్‌ని తిన్నగా లాగి నెట్టండి. పక్కలకి ఊపకూడదు. ఉండాల్సింది 2 నుంచి 4 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల ప్లే. షిమ్‌లు 3, 5, 10 థౌ మందాల్లో వస్తాయి. గేజ్ 11 చూపించిందనుకోండి, ఒక 5, ఒక 3 తీసేస్తే 3 మిగులుతుంది, చాలు. గేజ్ లేకపోతే గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్లని అడగండి, దయచేసి చేతి అంచనాతో మాత్రం కానివ్వకండి.

స్ప్లిట్ పిన్ (నట్ కదలకుండా గుచ్చే పిన్) రంధ్రం కలవకపోతే నట్‌ని వెనక్కి వదలకండి, ముందుకే బిగించండి. 40కీ 70కీ మధ్య అంత తేడా ఇచ్చింది అందుకే. వైర్ వీల్ హబ్ అయితే పిన్ లోతుగా ఉంటుంది, హబ్ పక్కనున్న రంధ్రంలోంచి నోస్ ప్లయర్‌తో పెట్టాలి. ఎడమ హబ్, కుడి హబ్ తారుమారు చెయ్యొద్దు, స్పిన్నర్ల (వైర్ వీల్‌ని మధ్యలో బిగించే పెద్ద నట్లు) మరలు రెండు వైపులా వేరు.

ఇంత చేశాక కూడా చక్రం ఆడితే టెన్షన్ పడేముందు బేరింగా, కింగ్‌పిన్నా (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే నిలువు పిన్) తేల్చుకోండి. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతుంటే ఇంకొకరు బ్రేక్ తొక్కాలి. ఆట ఆగిపోతే అది బేరింగ్‌ది, ఆగకపోతే కింగ్‌పిన్ వైపు చూడాలి. 3 థౌ ప్లేకి టైరు అంచు దగ్గర కొంచెం కదలిక తెలియడం మామూలే. ప్లే ఎక్కువైతే డిస్క్ ఊగి ప్యాడ్లని వెనక్కి నెడుతుంది, పెడల్ మొదటి తొక్కుకి లోపలికి పోతుంది. మీకు అలా ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి.

గ్రీజు డిస్క్ బ్రేకులకి పనికొచ్చే లిథియం కాంప్లెక్స్ రకం తీసుకోండి, పాతది పూర్తిగా కడిగేసి అరచేత్తో రోలర్ల మధ్యకి ఎక్కించండి, క్యాప్ నిండా కుక్కొద్దు. మన ఊరి ఉప్పుగాలికి కొత్త ఆయిల్ సీల్ వెయ్యకుండా మూయడం మాత్రం వద్దే వద్దు.

షిమ్‌లు తక్కువ పడితే మూడు సైజులూ కలిపి తెప్పించుకోండి. కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి పెడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ బిగింపుకి అల్యూమినియం నలిగి, మీరు కష్టపడి కుదిర్చిన ప్లే మారిపోతుంది.