అయస్కాంతాల 3డీ ప్రింటింగ్: ఇప్పుడే అప్పు చేసి విదేశాలకు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెటలర్జీ మూడో సంవత్సరం. రేర్ ఎర్త్ అయస్కాంతాలను 3డీ ప్రింటర్‌తో తయారుచేసే రంగంలోకి వెళ్తానంటోంది. విదేశాల్లో అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగ్‌లో (3డీ ప్రింటింగ్ పద్ధతిలో వస్తువుల తయారీ) ఎంఎస్ చేయించమని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. అందుకు పెద్ద అప్పే చేయాలి. ఉద్యోగాలుంటాయా అని టెన్షన్‌గా ఉంది. (ఓ తండ్రి, విజయనగరం)

జవాబు: అమ్మాయి పట్టుకున్న విషయం మంచిదే. అప్పు మాత్రం ఇప్పుడే చేయకండి.

ఎలక్ట్రిక్ కారు మోటార్లలో ఎక్కువగా వాడేది నియోడిమియం అనే రేర్ ఎర్త్ లోహం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతం. దాన్ని ఇప్పటికీ ప్రధానంగా సింటరింగ్‌తోనే చేస్తారు. మిశ్రమలోహాన్ని కొద్ది మైక్రాన్ల పొడి చేసి, అయస్కాంత క్షేత్రంలో రేణువులన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి, అచ్చులో నొక్కి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో గట్టిపరుస్తారు. ఆ దిక్కు కుదిరితేనే బలం. తర్వాత కావలసిన ఆకారానికి అరగదీయాలి. అప్పుడు ఖరీదైన సరుకు కొంత పొడిగా పోతుంది, ముక్క పెళుసు కాబట్టి అంచులూ విరుగుతాయి. ప్రింటింగ్ మీద ఆశ పుట్టింది ఇక్కడే. ఆకారాన్ని నేరుగా పొరలు పొరలుగా పేర్చుకుంటే అరగదీసే పని చాలావరకు తప్పుతుంది.

2016లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల అయస్కాంత పొడిని ఘనపరిమాణంలో 65 శాతం, మిగతాది నైలాన్ కలిపి పెద్ద ప్రింటర్‌తో అయస్కాంతాలు తీసింది. ఇంజెక్షన్ మౌల్డింగ్‌తో, అంటే కరిగిన మిశ్రమాన్ని అచ్చులోకి నెట్టి చేసే అయస్కాంతాలకు అవి దీటుగా వచ్చాయి. కానీ మూడో వంతు నైలానే ఉన్నాక సింటరింగ్ అయస్కాంతంతో ఏం పోటీ పడతాయి? పోనీ నైలాన్ లేకుండా లేజర్‌తో పొడినే కరిగిద్దామంటే, కరిగింది క్షణంలో గడ్డకట్టి పగుళ్లిస్తుంది, రేణువుల దిక్కు కుదరదు. పైగా గాలి తగిలితే ఆ పొడి నిప్పంటుకునే రకం. ఇవేవీ ప్రింటర్ నడపడం వస్తే తీరే చిక్కులు కావు, అచ్చంగా మెటలర్జీ చిక్కులు. ప్రింటర్ పని కొన్ని నెలల్లో పట్టుబడుతుంది.

అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగ్ కోర్సుల్లో ఎక్కువగా నడిచేది టైటానియం, నికెల్ విడిభాగాల గురించే. ‘ఆ యూనివర్సిటీలో అయస్కాంతాల మీద పనిచేసే ప్రొఫెసర్ ఎవరు?’ అని కన్సల్టెన్సీ వాళ్లను అడిగి చూడండి. జవాబు రాకపోతే ఆ ఎంఎస్ సంగతి అక్కడితో వదిలేయండి.

ఇక ఉద్యోగాలు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులపై ఆంక్షలు పెట్టాక మన వాహన కంపెనీలకు అయస్కాంతాల కటకట ఏర్పడింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. లక్ష్యం ఏటా 6,000 టన్నుల సామర్థ్యం, అదీ సింటరింగ్ అయస్కాంతాలకే. కాబట్టి ముందుగా మనుషులు కావలసింది పొడి తయారీలో, కొలిమి దగ్గర, నాణ్యత పరీక్షల్లో. మన దేశంలో ప్రింటింగ్ వైపు ఉన్నది ప్రస్తుతానికి చాలావరకు పరిశోధనే. మొదటి కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల జీతం ఎక్కువ ఉండొచ్చు, దానికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి.

మీకు దగ్గర్లోనే విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వారి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటు ఉంది. ఏటా 3,000 కిలోల సామర్థ్యం, 2023లో జాతికి అంకితం చేశారు. హైదరాబాద్‌లో లోహాలు, పదార్థాల మీద పరిశోధన చేసే డీఎంఆర్ఎల్, ఏఆర్‌సీఐ, ఎన్‌ఎఫ్‌టీడీసీ ఉన్నాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు వీటిలో ఏదో ఒకచోట అవకాశం కోసం హెచ్ఓడీ లేఖతో ఇప్పటి నుంచే ప్రయత్నించమనండి. ఈలోగా చిన్న పరీక్ష: బీహెచ్ వక్రం (బయటి అయస్కాంత క్షేత్రం మారితే అయస్కాంతం ఎలా స్పందిస్తుందో చూపే గీత) గీసి, మోటారు వేడెక్కితే అయస్కాంతానికి ఏమవుతుందో, డిస్ప్రోసియం అనే మరో రేర్ ఎర్త్ లోహాన్ని ఎందుకు కలుపుతారో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. ఇష్టంగా చెప్పిందంటే నిశ్చింతగా ఈ దారిలో పంపవచ్చు.

ఆపైన గేట్ రాసి వరంగల్ ఎన్ఐటీలోనో, ఐఐటీ హైదరాబాద్‌లోనో మెటీరియల్స్ ఎంటెక్. నెలకు రూ.12,400 స్టైపెండ్ ఉంటుంది. ప్రింటింగ్ మీద మోజు అప్పటికీ తగ్గకపోతే దాన్నే థీసిస్‌గా తీసుకోవచ్చు. విదేశాలకు ఆ తర్వాత ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వెళ్తే మీకు అప్పు బాధ ఉండదు. గేట్ మూడో సంవత్సరంలోనే రాయనిస్తారు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి.