హెల్మెట్ పెట్టుకోకపోతే యాక్సిడెంట్ పరిహారం రాదా?

ప్రశ్న: సార్, నాలుగు నెలల క్రితం సూర్యాపేట దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చిన కారు మా తమ్ముడి బైక్‌ని గుద్దింది. తొడ ఎముక విరిగితే రాడ్ వేశారు, తలలో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ కూడా చేశారు. హెల్మెట్ ఉంది కానీ ట్యాంకు మీద పెట్టుకున్నాడు. "హెల్మెట్ లేదు కాబట్టి కేసు నిలబడదు, ఇచ్చింది తీసుకుని సంతకం పెట్టండి" అని కారు వాళ్ల తరఫున ఒకాయన తిరుగుతున్నాడు. నిజమేనా?

జవాబు: సంతకం మాత్రం పెట్టకండమ్మా, మిగతాది తర్వాత చూద్దాం.

హెల్మెట్ లేకపోవడం తప్పే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 ప్రకారం బండి నడిపేవాళ్లూ, వెనక కూర్చున్నవాళ్లూ, నాలుగేళ్లు దాటిన పిల్లలూ పెట్టుకోవాల్సిందే, అదీ స్ట్రాప్ బిగించి. పెట్టుకోకపోతే 194డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. కానీ ఆ తప్పు మీ తమ్ముడికీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం. రాంగ్ రూట్‌లో వచ్చినవాడి తప్పు దాంతో మాసిపోదు. ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం ఇవ్వనని చెప్పడానికి చట్టం ఒప్పుకునే కారణాలు కొన్నే ఉన్నాయి, దెబ్బ తిన్నవాడికి హెల్మెట్ లేదనేది వాటిలో లేదు.

అయితే కేసు మొత్తం పోదు గానీ కొంత కోత పడే ప్రమాదం ఉంది, వాళ్ల లాయరు పట్టుకునేది కూడా అక్కడే, "నష్టంలో నీ తప్పూ ఉంది" అని. 2020లో మహమ్మద్ సిద్దిక్ కేసులో సుప్రీంకోర్టు దీనికి కొలత చెప్పింది. అందులో ఒకే బైక్ మీద ముగ్గురు వెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, ముగ్గురు ఎక్కారు కదా అని హైకోర్టు పది శాతం కోసింది. సుప్రీంకోర్టు ఆ కోత తీసేసింది. రూల్ తప్పితే చాలదు, ఆ తప్పు వల్ల ప్రమాదం జరిగిందనో, దెబ్బ ఎక్కువైందనో రుజువు కావాలంది.

మీ తమ్ముడికి ఇది ఎలా పనికొస్తుందో చూడండి. హెల్మెట్ పెట్టుకున్నా కారు రాంగ్ రూట్‌లోనే వచ్చేది, తొడ ఎముకా విరిగేది. కాబట్టి కాలి చికిత్స, పనికి పోలేని రోజుల కూలి, కాలి వైకల్యం, వీటిలో రూపాయి కూడా తగ్గించొద్దని గట్టిగా అడగొచ్చు. తల దగ్గర మాత్రం ఇబ్బందే. హెల్మెట్ ఉంటే ఈ దెబ్బ తగ్గేదని వాళ్లు డాక్టరు సాక్ష్యంతో చూపిస్తే ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు) ఆ భాగంలో కొంత కోయొచ్చు. 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు, ఈ లెక్క కేంద్ర రవాణా శాఖదే. అలాంటప్పుడు హెల్మెట్ ఉన్నా ఒకటే అని వాదిస్తే జడ్జి నమ్మరు.

ఇంకొకటి, "హెల్మెట్ పెట్టుకున్నాడు, పడేటప్పుడు ఊడిపోయింది" అని చెప్పమని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు, వినకండి. ఆస్పత్రి ఎంఎల్‌సీ రికార్డులో (పోలీసు కేసయ్యే దెబ్బలకి డాక్టరు రాసే రికార్డు), స్పాట్ ఫోటోల్లో అసలు విషయం ఉంటే, కోర్టులో వాళ్ల లాయరు అడిగే ఎదురు ప్రశ్నల్లో దొరికిపోతారు, అప్పుడు మిగతా నిజాలు కూడా నమ్మరు.

ఇప్పుడు టైం సంగతి, దీని మీదే నాకు టెన్షన్. 2019 సవరణ తర్వాత సెక్షన్ 166 కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. మీకు మిగిలింది రెండు నెలలు. సూర్యాపేటలోనే వేయాలని లేదు, మీరు ఉండే ఊరి పరిధిలోనూ వేయొచ్చు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, డిశ్చార్జి సమ్మరీ, సీటీ స్కాన్ రిపోర్టు, మందుల బిల్లులు, జీతం రుజువు పోగుచేయండి, వైకల్యం సర్టిఫికెట్ మెడికల్ బోర్డు నుంచి తర్వాత తెచ్చినా పర్వాలేదు. వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వమని అడిగే లాయరు దగ్గరికి పోకండి, అలా ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధం (మా వాళ్లకి కోపం వస్తే రానీ). ఆ తిరుగుతున్న ఆయన మళ్లీ వస్తే, ఎంత ఇస్తారో కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసిచ్చినా సంతకం పెట్టకండి, ఆ కాగితం మీ లాయరుకి చూపించండి.